పల్లె చర్చిలో చేతిపనులు, ఊరితో పరిచయాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పల్లెల్లో చిన్న సంఘాలు నడిపేవాళ్ళు, స్త్రీల సమాజం బాధ్యత నెత్తినేసుకున్నవాళ్ళు, సండే స్కూలు టీచర్లు ఈ విషయంలో అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. ఏ డినామినేషన్ అయినా, ఏ దేశమైనా పల్లె చర్చికి ఉండే ఇబ్బందులు కూడా ఒకటే: మనుషులు తక్కువ, డబ్బు తక్కువ, ఊళ్ళో అందరికీ అందరూ తెలుసు. ఇవన్నీ వరుసగా చదవనక్కర్లేదు. "చేసినవి అమ్మవచ్చా" అన్న ప్రశ్న మాత్రం దాటెయ్యకండి.

చర్చికి చేతిపనులతో ఏం పని? వాక్యం, ప్రార్థన చాలవా?

బైబిల్లోనే చేతిపనికి పెద్దపీట ఉంది. నిర్గమకాండము 31వ అధ్యాయంలో దేవుడు తన ఆత్మతో నింపానని చెప్పిన బెసలేలు ప్రవక్తా కాదు, యాజకుడూ కాదు. బంగారం, వెండి, ఇత్తడి, రాయి, చెక్క పని తెలిసిన పనివాడు. 35వ అధ్యాయానికి వస్తే ప్రత్యక్షగుడారం కోసం నూలు వడికి తెచ్చిన స్త్రీలు కనిపిస్తారు. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట్లో దిగింది వాళ్ళదీ తనదీ ఒకే వృత్తి కావడం వల్ల. ముగ్గురూ డేరాలు కుట్టేవాళ్ళే.

అన్నిటికన్నా నాకు దగ్గరగా అనిపించేది అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం. యొప్పేలో తబిత చనిపోతే, పేతురు వచ్చేసరికి విధవరాళ్ళు ఆయన చుట్టూ నిలబడి ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలు, బట్టలు చూపించారు. ఆమె మాట్లాడిన ఒక్క మాట కూడా అక్కడ రాసి లేదు. దొర్కా అని ఆమెకున్న ఇంకో పేరుతోనే 19వ శతాబ్దంలో చాలా చర్చిల్లో సొసైటీలు పుట్టాయి. కూడి బట్టలు కుట్టి బీదవాళ్ళకు ఇవ్వడం వాటి పని. 1834లో ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపంలో అలాంటిదొకటి మొదలైంది, కలరా నుంచి బయటపడ్డందుకు కృతజ్ఞతగా.

పల్లెకు సంబంధించి ఇంకో కారణం కూడా ఉంది. బడి మూతబడి, బస్సులు తగ్గి, ఊళ్ళో నలుగురు కూర్చోవడానికి చర్చి హాలు తప్ప ఏమీ మిగలని ఊళ్ళు చాలా దేశాల్లో ఉన్నాయి. ఆ హాలును కూడా ఆదివారం కాసేపు తెరిచి మిగతా వారమంతా తాళం వేసి ఉంచితే ఎవరికి లాభం?

మా సంఘంలో పట్టుమని ఇరవైమంది లేరు. ఇలాంటివి మాకు సాధ్యమా?

సాధ్యమే. నలుగురైదుగురు, ఒక బల్ల, మంచి వెలుతురు ఉంటే మొదలుపెట్టవచ్చు. కుట్టుపనికి వెలుతురు చాలా ముఖ్యం. చర్చి హాళ్ళలో లైట్లు సాధారణంగా పైన ఎక్కడో ఉంటాయి, వయసు మళ్ళినవాళ్ళకు సూదిలో దారం ఎక్కించడం నరకం. కిటికీ పక్కన బల్ల వేసి పగటిపూట పెట్టుకోండి.

మొదటి సమావేశం గురించి టెన్షన్ పడేవాళ్ళకు మేరీ సమ్నర్ సంగతి చెప్పాలి. ఇంగ్లండులో ఓల్డ్ ఆల్‌రెస్‌ఫర్డ్ అనే పల్లెలో ఆమె పాస్టరుగారి భార్య. 1876లో ఊళ్ళో తల్లులందరినీ పిలిచింది. తీరా వాళ్ళు వచ్చాక నోట మాట రాలేదు, వచ్చేవారం రమ్మని చెప్పి పంపించేసింది. వచ్చేవారం మాట్లాడింది. ఆ కూటమే ఇవాళ ఎన్నో దేశాల్లో ఉన్న మదర్స్ యూనియన్.

రోజు, టైము పెట్టేటప్పుడు వ్యవసాయ పనులు చూసుకోండి. నాట్లు, కోతలు, పాలు పితికే వేళలు వదిలేసి మిగిలిన టైములోనే పల్లెలో ఏదైనా నడుస్తుంది. కోతల నెలలో పూర్తిగా సెలవు ఇచ్చెయ్యడం మేలు. ఎవరూ రాని కూటాలు రెండు మూడు జరిగాయంటే నడిపేవాళ్ళ ఉత్సాహం చచ్చిపోతుంది.

ఏ పనితో మొదలుపెడితే మంచిది?

మూడు లక్షణాలు చూడండి. చేస్తూ మాట్లాడుకోగలగాలి. ఎక్కడంటే అక్కడ ఆపి మళ్ళీ అందుకోగలగాలి. చేతగానివాళ్ళు చేసినా పాడుగా కనిపించకూడదు. ఈ లెక్కన గళ్ళు లెక్కపెడుతూ చేసే సన్న ఎంబ్రాయిడరీ మొదటికే పనికిరాదు. పక్కవాళ్ళు పలకరించగానే లెక్క తప్పుతుంది, దాంతో పలకరింపు ఇబ్బందిగా అనిపిస్తుంది.

ఈ మూడింటికీ సరిపోయేది ముడుల బొంత. పాత బట్టలు చదరాలుగా కత్తిరించి మిషను మీద జతచేసి పైగుడ్డ తయారుచేస్తారు. కింద ఒక గుడ్డ, మధ్యలో పాత దుప్పటి గానీ దూది పొర గానీ. మూడింటినీ ముడతలు లేకుండా బల్ల మీద పరిచి అంచుల్లో క్లిప్పులు పెట్టాలి. ఆ తర్వాత నాలుగైదు అంగుళాలకొకచోట మందపాటి దారంతో సూది కిందికి దించి పక్కనే పైకి తీసి, రెండు కొసలూ ముడి వేసి, అంగుళం వదిలి కత్తిరించాలి. ముడి దగ్గర ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. మొదట కుడి కొస ఎడమ మీదుగా, తర్వాత ఎడమ కొస కుడి మీదుగా వెయ్యాలి. రెండుసార్లూ ఒకవైపు నుంచే వేస్తే నాలుగు ఉతుకులకు ముడులు జారిపోతాయి. బల్లకు అటు ముగ్గురు, ఇటు ముగ్గురు కూర్చుంటే చేతులు వాటంతటవే ఆడుతుంటాయి, కబుర్లు సాగుతుంటాయి. పదేళ్ళ పిల్ల వేసిన ముడికీ ఎనభై ఏళ్ళ ముసలమ్మ వేసిన ముడికీ తేడా తెలియదు.

అమెరికాలో లూథరన్ వరల్డ్ రిలీఫ్, మెన్నొనైట్ సెంట్రల్ కమిటీ లాంటి చర్చి సహాయ సంస్థలకు ఊరి చర్చిల స్త్రీలు దశాబ్దాలుగా ఇలాంటివే కుట్టి పంపిస్తున్నారు. అవి సుమారు 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు ఉంటాయి. శరణార్థి శిబిరాల్లో అదే దుప్పటి, అదే పరుపు, ఒక్కోసారి గుమ్మానికి తెర.

చర్చి క్యాలెండరును పట్టుకుని నడిచే పనులు కూడా కొత్తవాళ్ళకు బాగుంటాయి. మట్టల ఆదివారానికి ముందు శనివారం ఆకులతో సిలువలు మడవడం గంటలో నేర్చుకోవచ్చు. ఆకు పచ్చిగా ఉండగానే మడవాలి, ఎండితే చీలిపోతుంది. కొన్ని సంఘాల్లో ఆ సిలువల్నే ఏడాదంతా ఇళ్ళల్లో ఉంచి, మరుసటి ఏడు కాల్చి ఆ బూడిదను భస్మ బుధవారానికి, అంటే శ్రమకాలం మొదలయ్యే రోజుకు, వాడతారు. అలా వాడే ఆచారం మీ సంఘంలో ఉంటే పిల్లలకు ముందే చెప్పండి. తాము మడిచిన సిలువ ఏడాది తర్వాత ఏమవుతుందో వాళ్ళకు మహా ఆసక్తి.

మాలో ఎవరికీ చేతిపనులు రావు. నేర్పేవాళ్ళను బయటినుంచి పిలవాలా?

ముందు ఊళ్ళో వెతకండి. బుట్టలల్లే తాత, మిషను కుట్టే అక్క, ఊలు అల్లే పెద్దావిడ ఎక్కడో ఒకచోట ఉంటారు, మీ సంఘంలో కాకపోవచ్చు. చర్చికి ఎప్పుడూ రానివాళ్ళను "మాకు నేర్పండి" అని పిలిచారంటే, "మా కూటానికి రండి" అని పదిసార్లు పిలిచినదానికన్నా ఎక్కువ పని జరుగుతుంది. నేర్పేవాళ్ళకు మర్యాద ఉంటుంది, మొహమాటం ఉండదు. వాళ్ళకు అదే బతుకుతెరువైతే మాత్రం కూలీ ఇవ్వండి. దేవుడి పేరు చెప్పి ఊరికే చేయించుకోవద్దు.

మగవాళ్ళు రారు. ఏం చెయ్యాలి?

పోస్టరు మీద పూలు, దారపుండల బొమ్మలు వేస్తే రారు మరి. విరిగిన బెంచీలు, ఊగే కుర్చీలు, ఊడిపోయిన కిటికీ రెక్కలు ఏ పాత చర్చిలో లేవు? "శనివారం బెంచీలు బాగుచేస్తున్నాం, సుత్తి ఉన్నవాళ్ళు రండి" అనండి. ఊరివాళ్ళ సైకిళ్ళు, కుర్చీలు, పనిముట్లు కూడా తెచ్చుకొమ్మంటే ఇంకా మంచిది. 1990లలో ఆస్ట్రేలియాలో మొదలైన మెన్స్ షెడ్స్ వెనక ఉన్న ఆలోచన ఇదే: రిటైరైన మగవాళ్ళు ఎదురెదురుగా కూర్చోబెడితే నోరు విప్పరు, పక్కపక్కన నిలబడి ఏదో ఒకటి బాగుచేస్తుంటే విప్పుతారు.

ఆడవాళ్ళ పని, మగవాళ్ళ పని అన్న గీత మరీ గట్టిగా గియ్యకండి. రంపం పట్టాలనుకునే అమ్మాయిలు, అల్లిక నేర్చుకోవాలనుకునే అబ్బాయిలు మీ ఊళ్ళోనూ ఉంటారు.

పిల్లలతో చేయించేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

మొదటిది మనుషుల జాగ్రత్త. ఏ గదిలోనూ ఒక పెద్దమనిషి, పిల్లలు మాత్రమే ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు, వాళ్ళు ఒకే ఇంటివాళ్ళు కాకుండా. తలుపు తెరిచి ఉండాలి. పిల్లల పేర్లు, ఇంటివాళ్ళ ఫోను నంబర్లు, అలర్జీలు ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఎవరు వచ్చి తీసుకెళ్ళాలో కూడా అందులోనే ఉండాలి. మీ దేశంలో పిల్లల రక్షణకు చట్టం ఏం చెబుతోందో, మీ డినామినేషన్ నియమాలేమిటో తెలుసుకుని వాటిని పాటించాలి. "మన ఊళ్ళో అందరూ తెలిసినవాళ్ళేగా" అన్న మాట ఇక్కడ చెల్లదు. తెలిసినవాళ్ళనే నమ్మకం మీదే చాలా ఘోరాలు జరిగాయి.

రెండోది సామాను. మూడేళ్ళలోపు పిల్లలు ఉంటే గుండీలు, పూసలు బల్ల మీదికి రానివ్వకండి, గొంతులో అడ్డం పడతాయి. బొమ్మలకు కళ్ళు దారంతో కుట్టండి. హాట్ గ్లూ గన్ పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి. కత్తెరలు ఇచ్చేటప్పుడు లెక్కపెట్టి, తీసుకునేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టాలి. గ్లిటర్ విషయం మీ ఇష్టం, కానీ ఒక్కసారి పొట్లం విప్పారంటే వచ్చే క్రిస్మస్ దాకా పాస్టరుగారి కోటు మీద మెరుస్తూనే ఉంటుంది.

మూడోది నా అభిప్రాయం. ముప్ఫైమంది పిల్లలకు ముందే కత్తిరించిన ముప్ఫై గొర్రెపిల్లలు ఇచ్చి, దూది అంటించమంటే అది చేతిపని అనిపించుకోదు. నోవహు ఓడ కథ చెప్పారా, అట్టపెట్టెలు ఇచ్చి ఓడ కట్టమనండి, బకెట్లో నీళ్ళు పోసి తేలుతుందో లేదో చూడమనండి. మునిగిపోయిన ఓడల గురించే వాళ్ళు ఇంటికెళ్ళి చెప్పుకుంటారు.

వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్, సెలవుల్లో పెట్టే బైబిలు బడి) ఉండగా ఇంకోటి ఎందుకు?

వి.బి.ఎస్. ఏడాదికోసారి, పిల్లలకు మాత్రమే. 1894లో అమెరికాలోని హోప్‌డేల్ అనే చిన్న ఊళ్ళో ఒక సండే స్కూలు టీచరు, వారానికో గంట బైబిలు చెప్పడం చాలదని వేసవిలో రోజూ బడి పెట్టింది. అలా మొదలైన పద్ధతి అది. ఇంటిల్లిపాదీ కలిసి వచ్చేదాన్ని వెతుకుతుంటే మెస్సీ చర్చ్ పద్ధతి చూడండి. 2004లో ఇంగ్లండులో పోర్ట్స్‌మత్ దగ్గర మొదలైంది. సాధారణంగా నెలకోసారి జరుగుతుంది. ముందు ఒక కథను పట్టుకుని నాలుగైదు బల్లల దగ్గర రకరకాల పనులు, తర్వాత చిన్న ఆరాధన, చివర అందరూ కలిసి భోజనం. పిల్లల్ని దింపి వెళ్ళిపోవడం కుదరదు, పెద్దవాళ్ళు కూడా కూర్చోవాలి. పల్లె సంఘానికి ఇందులో నచ్చాల్సింది అదే.

కొవ్వొత్తులు చేయించవచ్చా?

చేయించవచ్చు, జాగ్రత్తగా. మైనాన్ని ఎప్పుడూ నేరుగా మంట మీద పెట్టకూడదు. పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి, అందులో చిన్న గిన్నె పెట్టి కరిగించాలి. తేనెమైనం 62, 64 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది కాబట్టి వేడినీళ్ళు చాలినంత. ఖర్మకాలి మైనం అంటుకుంటే నీళ్ళు పొయ్యకండి, మంట ఒక్కసారిగా పైకెగసిపోతుంది. స్టవ్ ఆర్పి, గిన్నె మీద మూత బోర్లించండి. ఆ మూత మొదటినుంచీ పక్కనే ఉండాలి. ఆరాధనలో వాడి మిగిలిన కొవ్వొత్తి ముక్కలు పారెయ్యకుండా పోగేస్తే ఆగమన కాలానికి (క్రిస్మస్‌కు ముందు వారాలకు) కొత్తవి పోసుకోవచ్చు. పొయ్యి దగ్గర పెద్దవాళ్ళు ఉండాలి, పిల్లలకు వత్తులు కట్టే పని ఇవ్వండి. మంట జోలికే పోవద్దనుకుంటే తేనెమైనం రేకులు దొరుకుతాయి. వత్తి పెట్టి చాపలా చుట్టేస్తే కొవ్వొత్తి తయారు.

వచ్చినవాళ్ళకు సువార్త చెప్పాలా? లేకపోతే ఇదంతా ఎందుకు?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, సంఘాల్లో పెద్దలకూ యువతకూ మాటలు పెరిగేదీ ఇక్కడే. నా మాట సూటిగా చెబుతాను. చేతిపని ఎర కాకూడదు. బుట్టలల్లడం నేర్పిస్తామని పిలిచి, వచ్చాక తలుపులేసి గంట ప్రసంగం చేస్తే, వచ్చినవాళ్ళు రెండోసారి రారు. పల్లెలో ఆ సంగతి సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది.

అలాగని విశ్వాసాన్ని దాచిపెట్టి నటించమనడం లేదు. అది చర్చి హాలని అందరికీ తెలుసు. మొదట్లో చిన్న ప్రార్థన, చివర్లో ఒక పాట ఉంటాయనుకుంటే పిలిచేటప్పుడే ఆ మాట చెప్పండి. ప్రార్థన టైములో ఇష్టం లేనివాళ్ళు బయటికి వెళ్ళి రావచ్చని చెప్పండి, చెప్పినట్టే వాళ్ళను పోనివ్వండి. ఎవరైనా తమంతట తాము అడిగితే నిజాయితీగా మాట్లాడండి. అడగడం తప్పకుండా జరుగుతుంది. చేతులు పనిలో ఉన్నప్పుడు, కళ్ళు గుడ్డ మీద ఉన్నప్పుడు మనుషులు పెద్ద పెద్ద విషయాలు మెల్లగా బయటపెడతారు. కొడుకు ఇంటికి రావడం లేదనో, డాక్టరు చెప్పిన మాట ఇంట్లో ఇంకా చెప్పలేదనో. అప్పుడు వాక్యాలు అప్పజెప్పడం కన్నా వినడం అవసరం. పాస్టరుగారు కూడా సూది పట్టుకుని కూర్చోవాలి. బల్లల మధ్య తిరుగుతూ పలకరిస్తుంటే ఇన్‌స్పెక్షన్‌లా ఉంటుంది.

రిపోర్టులో "ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారు" అన్న గడి నింపాలని ఈ పని పెట్టుకుంటే మొదలుపెట్టకపోవడమే మంచిది.

ఇతర మతాలవాళ్ళను పిలవవచ్చా?

పిలవండి. వాళ్ళు అభ్యంతరపడే పనులు పెట్టకండి, అంతే. సిలువలు, క్రిస్మస్ పశువులపాక బొమ్మలు ఒక రోజు, ఎవరైనా వాడుకునే సంచులు, బొంతలు ఇంకో రోజు పెట్టుకుంటే సరిపోతుంది. మతమార్పిడి మాట వస్తేనే ఊరు ఉడికిపోయే చోట్ల బడిలోనో పంచాయతీ హాల్లోనో పెట్టడం తెలివైన పని. ఒక్కోచోట చట్టాలు కూడా కఠినంగా ఉంటాయి. ముందే తెలుసుకోండి.

చేసినవి ఎవరికి ఇవ్వాలి?

ముందు అడిగి, తర్వాత చెయ్యండి. చాలామంది తిరగేసి చేస్తారు. ఎంతో ప్రేమగా యాభై ఊలు టోపీలు అల్లి ఆస్పత్రికి తీసుకెళితే, కీమోథెరపీలో జుట్టు ఊడిన తలకు గరుకు ఊలు గుచ్చుకుంటుందని, మెత్తటి నూలువి కావాలని చెబుతారు. నెలలు నిండని పిల్లల వార్డులకు ఏ సైజు, ఏ దారం, ఎంత వేడి నీళ్ళలో ఉతకాలి అన్న నియమాలు ఉంటాయి. ఒక ఫోను చేస్తే నెల రోజుల శ్రమ మిగులుతుంది.

ప్రార్థన శాలువాల పద్ధతి చాలా సంఘాలకు నచ్చింది. 1998లో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో ఇద్దరు స్త్రీలు మొదలుపెట్టారు. జబ్బుపడ్డవాళ్ళ కోసమో, ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్ళ కోసమో ప్రార్థిస్తూ శాలువా అల్లి ఇస్తారు. వరసకు మూడు కుట్లు సూటిగా, మూడు తిరగగా సాగే సులువైన అల్లిక అది. పల్లె సంఘంలో దీనికున్న బలమేమిటంటే, ఆ మనిషి ఎవరో అల్లేవాళ్ళకు తెలుసు. ఆమె ఏ రంగు చీర ఎక్కువ కడుతుందో కూడా తెలుసు.

ఇచ్చే తీరు గురించి ఒక మాట. బీదవాళ్ళను వరసలో నిలబెట్టి, స్టేజీ మీదికి పిలిచి, ఫోటో తీసి బొంత ఇవ్వడం కన్నా ఇవ్వకపోవడం గౌరవం. ఇంటికి తీసుకెళ్ళి ఇవ్వండి. ఇంకా మంచిది, తీసుకునేవాళ్ళను కూడా కుట్టే బల్ల దగ్గరికి పిలవండి. అప్పుడు ఇచ్చేవాళ్ళెవరో తీసుకునేవాళ్ళెవరో తేడా ఉండదు.

చేసినవి అమ్మవచ్చా?

అమ్మవచ్చు. కానీ అమ్మకం మొదలైన రోజునుంచీ అది వేరే పని. దీనికి పెద్ద చరిత్రే ఉంది.

ఐర్లండులో 1840లలో బంగాళాదుంప పంట తెగులుతో పోయి కరువొచ్చినప్పుడు, కాన్వెంటు సిస్టర్లు ఊళ్ళో ఆడపిల్లలకు క్రోషే లేసు నేర్పించారు. ఆ లేసు ఎన్నో కుటుంబాలకు తిండి పెట్టింది. గోదావరి డెల్టాలో నర్సాపురం లేసు కూడా 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన విద్యే. కానీ దాని రెండో సగం అంత బాగుండదు. 1970ల చివర్లో జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ అక్కడ అధ్యయనం చేసినప్పుడు తేలిందేమిటంటే, లేసు విదేశాలకు వెళుతోంది, వ్యాపారులు బాగుపడ్డారు, అల్లిన స్త్రీలకు దక్కింది అతి తక్కువ. "ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునే పని" అని పేరు పెట్టడంతో అది పని కిందే లెక్కకు రాలేదు. చర్చి సంఘాలు అచ్చంగా ఈ మాటే వాడుతుంటాయి, "ఖాళీ టైములో చేసిందే కదా, దేవుడికిచ్చెయ్యండి" అని. నాకు ఒళ్ళు మండే మాట అది.

దీనికి భిన్నంగా నడిచింది అమెరికాలోని అలబామా పల్లెల్లో పుట్టిన ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ. 1965 చివర్లో ఫ్రాన్సిస్ వాల్టర్ అనే ఎపిస్కోపల్ ఫాదరు ఒక ఇంటి తీగ మీద ఆరేసిన బొంతలు చూశాడు. పౌరహక్కుల ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. ఓటు కోసం నిలబడ్డ నల్లజాతి కౌలు రైతు కుటుంబాలను భూములనుంచి వెళ్ళగొడుతున్నారు. ఆయన ఊరూరా బొంతలు కొని న్యూయార్కులో వేలం వేయించాడు. 1966లో ఆ స్త్రీలే సహకార సంఘం పెట్టుకున్నారు. లెక్కలు వాళ్ళవే, అధ్యక్షులు వాళ్ళే. పెద్ద దుకాణాల ఆర్డర్లు వచ్చాక మాత్రం అన్నీ ఒకే డిజైనులో, ఒకే కొలతలో కుట్టాల్సి వచ్చింది. ఎవరి బొంత వాళ్ళదిలా ఉండే స్వేచ్ఛ కొంత పోయింది. డబ్బుకు ఆ ధర కూడా ఉంటుంది.

కాబట్టి మీరు అమ్మేముందు కూర్చుని తేల్చుకోవాల్సిన విషయాలు కొన్ని. వచ్చిన డబ్బు చేసినవాళ్ళదా, సంఘానిదా, సగం సగమా? ఏదైనా ఫర్వాలేదు, కానీ మొదటి కుట్టు వెయ్యకముందే కాగితం మీద ఉండాలి. సామాను ఖర్చు, పట్టిన గంటలు రెండూ కలిపి ధర కట్టాలి. అలా కడితే ఎవరూ కొనరనిపిస్తే, ఆ వస్తువు అమ్మకానికి పనికొచ్చేది కాదు, కానుకగా ఇవ్వండి. పుస్తకం రాసేవాళ్ళు, డబ్బు పెట్టె దగ్గర ఉండేవాళ్ళు వేరు వేరు మనుషులై ఉండాలి. పాస్టరుగారి కుటుంబానికి ఆ పెట్టె అప్పజెప్పకండి. వాళ్ళను అనుమానించి కాదు, రేపు ఎవరైనా ఒక మాట అంటే వాళ్ళకు తలెత్తుకునే వీలుండాలి.

కొనేవాళ్ళు ఎక్కడా అంటారా? 1946లో ఎడ్నా రూత్ బైలర్ అనే మెన్నొనైట్ ఆవిడ ప్యోర్టో రికో వెళ్ళి, అక్కడి స్త్రీలు చేసిన ఎంబ్రాయిడరీ గుడ్డలు తీసుకొచ్చి తెలిసినవాళ్ళకు అమ్మడం మొదలుపెట్టింది. తర్వాత కారు డిక్కీలో వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేది. టెన్ థౌజండ్ విలేజెస్ అనే సంస్థ దాన్నుంచే వచ్చింది. పట్నంలో ఉన్న మీ సోదర సంఘానికి నాలుగు నమూనాలు పంపి చూడండి.

చర్చిలో వాడుకునేవే చేసుకుంటే?

బల్ల మీద గుడ్డలు, బ్యానర్లు, మోకాళ్ళు వేసుకునే దిండ్లు చేసుకోవచ్చు. ఇంగ్లండులో 1931లో వించెస్టర్ కెథీడ్రల్‌కు లూయిజా పెసెల్ అనే ఆవిడ వాలంటీర్లను కూడగట్టి ఇలాంటి దిండ్లు ఎంబ్రాయిడరీ చేయించింది. ఆ తర్వాత ఎన్నో పల్లె చర్చిలు అదే బాట పట్టాయి. పల్లె చర్చిల్లో వాటి మీద సిలువతోపాటు ఊరి పక్షులు, నాగళ్ళు, ట్రాక్టర్లు, చనిపోయినవారి పేర్లు కనిపిస్తాయి. ఆరాధనకు రాని రైతు కూడా తన ట్రాక్టరున్న దిండు చూడ్డానికి వస్తాడు. దుమ్ము, చెదలు, తేమ చూసుకోండి. ఏడాదికి రెండుసార్లు ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టాలి, ఎండ రంగు తినేస్తుంది.

సామానుకు డబ్బు ఎక్కడిది?

మొదట్లో డబ్బుకన్నా పెద్ద సమస్య వద్దన్నా వచ్చిపడే సామాను. "బట్టలు ఇవ్వండి" అని ఆరాధనలో ఒక్కసారి చెప్పి చూడండి, బొంతలకు పనికొచ్చే వాటితోపాటు జిప్పులు ఊడిన ప్యాంట్లు, పెళ్ళినాటి జరీ, ముక్కవాసన కొట్టే పెట్టె అడుగు గుడ్డలు వచ్చి గదిని నింపేస్తాయి. ఏం కావాలో, ఏం వద్దో స్పష్టంగా చెప్పండి: ఉతికిన నూలు గుడ్డలు, ఇంత సైజుకు తగ్గకుండా, ఈ నెలాఖరు వరకే. సూదులు, దారాలు, మంచి కత్తెరలు మాత్రం కొనండి. మొండి కత్తెరతో ఎవరికీ పని మీద ఇష్టం పుట్టదు.

ఫోటోలు తీసి గ్రూపుల్లో పెట్టవచ్చా?

అడిగి పెట్టండి. పిల్లలవైతే తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతితో. చేతుల ఫోటోలు, వస్తువుల ఫోటోలు తీస్తే ఈ గొడవే ఉండదు. పైగా అవే బాగుంటాయి.

ఒకావిడ అందరి పనికీ వంకలు పెడుతుంటారు. ఏం చెయ్యాలి?

ప్రతి బల్ల దగ్గరా ఒకరుంటారు. ఇతరుల కుట్లు వంకరగా ఉన్నాయని ఇంటికి తీసుకెళ్ళి, రాత్రి విప్పి మళ్ళీ కుట్టుకొస్తారు. వాళ్ళకు నిజంగానే పని వచ్చు, అదే చిక్కు. మొహం మీద చెబితే నొచ్చుకుంటారు, చెప్పకపోతే కొత్తవాళ్ళు మానేస్తారు. వాళ్ళకు సొంతంగా ఒక కష్టమైన పని అప్పజెప్పడం చాలాసార్లు పనిచేస్తుంది: బల్లగుడ్డ అంచు లేసో, బ్యానరు మీద అక్షరాలో. అందరూ కలిసి చేసే బొంత మీద మాత్రం ఎవరి కుట్టు వాళ్ళదేనని, విప్పకూడదని మొదటిరోజే నియమం పెట్టండి. అప్పటికీ మారకపోతే వాళ్ళు గౌరవించే పెద్దమనిషి ఒకరు విడిగా మాట్లాడాలి. గ్రూపులో మెసేజీ పెట్టి చక్కదిద్దుదామనుకోకండి.

రెండేళ్ళు బాగా నడిచింది, ఇప్పుడు జనం తగ్గారు. ఆపెయ్యాలా?

ముందు ఎందుకు తగ్గారో వచ్చేవాళ్ళను కాదు, మానేసినవాళ్ళను అడగండి. టైము కుదరకపోవడం, మెట్లు ఎక్కలేకపోవడం, ఎవరో అన్న మాట, చేసిందే మళ్ళీ చెయ్యడం... కారణం సాధారణంగా ఈ నాలుగింట్లో ఒకటి. మొదటి రెండిటికీ రోజు మార్చడం, బల్ల కింది గదిలో వెయ్యడం లాంటి మందులున్నాయి.

నడిపే మనిషి అలసిపోవడం అయిదో కారణం, దాన్ని ఎవరూ బయటికి చెప్పరు. తాళం ఒకరి దగ్గరే ఉండి, సామాను ఒకరి ఇంట్లోనే ఉండి, ఊడ్చేదీ వాళ్ళే అయితే రెండేళ్ళు నడవడమే గొప్ప. ఇద్దరు ముగ్గురికి పంచండి. ఎవరూ ముందుకు రాకపోతే ఆపెయ్యండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. చేతిలో ఉన్న బొంత పూర్తిచేసి, ఎవరికి అనుకున్నారో వాళ్ళకు ఇచ్చి, లెక్కలు సంఘం ముందు చదివి, మిగిలిన సామాను పక్కూరి చర్చికో బడికో ఇచ్చేయండి. మిషను మాత్రం ఇవ్వకుండా నూనె వేసి మూత పెట్టి ఉంచండి. కోతలయ్యాక ఎవరో ఒకరు అడుగుతారు.